‘కావాలనే ఆపాను’ అని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ప్రశ్న: తిరుపతిలో ఉంటాను. శ్రీసిటీ పక్కన ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పోయిన నెల చెన్నై సప్లయర్ ఒకరి బిల్లులో ఐజీఎస్టీ వేయాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని విడగొట్టి వేశారు. సరిచేసిన బిల్లు వచ్చేదాకా పేమెంట్ ఆపాను. ఎందుకు ఆపావని పైనుంచి మెయిల్ వస్తే ‘ఐ వాంటెడ్లీ స్టాప్డ్ ద పేమెంట్’ అని జవాబు రాశాను. వేరే ఊరి బ్రాంచి వాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. డిక్షనరీ చూసి రెండో మెయిల్లో ‘వాంటెడ్లీ’ తీసేసి ‘విల్‌ఫుల్లీ’ అని పెట్టాను. ఇప్పుడు హెచ్ఆర్ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది, వారం గడువు. ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, పర్పస్లీ, విల్‌ఫుల్లీ, వాలంటరీలీ, ఇలా దేనికి చూసినా డిక్షనరీలో ‘ఉద్దేశపూర్వకంగా’ అనే ఉంది. నేను పలమనేరు దగ్గర గవర్నమెంటు స్కూల్లో తెలుగు మీడియం చదివినదాన్ని. ఏది ఎక్కడ రాయాలో ఎవరూ చెప్పలేదు. పైగా మా తమ్ముడు అమెరికాలో ఎమ్మెస్ కోసం యూనివర్సిటీకి పంపే ఎస్‌ఓపీ రాస్తూ ‘ఐ వాంట్’ రాయాలా, ‘ఐ విష్’ రాయాలా, ‘ఐ డిజైర్’ రాయాలా అని నన్నే అడుగుతున్నాడు. దయచేసి చెప్పండి. — ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు నోటీసు సంగతి చూద్దాం, దానికి గడువుంది కాబట్టి.

మీరు చేసింది సరైన పని. చెన్నై సప్లయర్ జీఎస్టీ నంబరు 33తో మొదలవుతుంది, మన ఆంధ్రాది 37తో. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు వస్తే పడాల్సింది ఐజీఎస్టీ; సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అనే జంట ఒకే రాష్ట్రం లోపలి అమ్మకాలకు. పన్ను తప్పుగా వేసిన బిల్లుకు డబ్బు కట్టేస్తే రేపు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) దగ్గర తలనొప్పి మీ కంపెనీకే. అకౌంట్స్ సీట్లో కూర్చున్న మనిషి అది చూసీ ఆపకపోతే అప్పుడు అడగాలి సంజాయిషీ. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: టెన్షన్‌లో పడి ‘పొరపాటున ఆగిపోయింది, క్షమించండి’ అని మాత్రం రాయొద్దు. నోటీసు చూడగానే చాలామందికి చెయ్యి అటే పోతుంది. అది అబద్ధం, పైగా మీరు చేసిన మంచి పనిని మీ చేతులతోనే తప్పు కింద రాసిచ్చినట్టవుతుంది.

నోటీసు వచ్చింది పేమెంట్ ఆపినందుకు కాదు, ‘విల్‌ఫుల్లీ’ అన్నందుకు అని నా అంచనా. డిక్షనరీలో ఈ మాట మిగతా వాటి పక్కన బుద్ధిగా కూర్చుని ఉంటుంది గానీ, మన దేశంలో ఆఫీసు కాగితాల్లో దానికి పెద్ద చరిత్రే ఉంది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద వచ్చిన నమూనా నియమాల్లో ఉద్యోగి దుష్ప్రవర్తనలు ఏవేవో వరసగా రాస్తూ, అన్నిటికన్నా ముందు పెట్టింది ‘విల్‌ఫుల్ ఇన్‌సబార్డినేషన్ ఆర్ డిసొబీడియన్స్’ అనే దాన్ని, అంటే పైవాళ్లు న్యాయంగా చెప్పిన మాటను తెలిసి తెలిసి ధిక్కరించడం. 1972 గ్రాట్యుటీ చట్టంలో, ‘విల్‌ఫుల్ ఒమిషన్’ వల్ల యజమానికి నష్టం జరిగి ఉద్యోగం పోతే, ఆ నష్టం మేరకు గ్రాట్యుటీ కోత పెట్టొచ్చని రాశారు. 1971 కోర్టు ధిక్కార చట్టంలో సివిల్ ధిక్కారం అంటే కోర్టు ఉత్తర్వును ‘విల్‌ఫుల్’గా మీరడం. పేపర్లో తరచూ చూసే ‘విల్‌ఫుల్ డిఫాల్టర్’ ఎవరు? ప్రధానంగా, కట్టే స్తోమత ఉండీ బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడు. ఇన్ని చోట్లా ఆ మాట లోపల ఉన్నది ఒకటే: ఏం చేయాలో తెలుసు, చేయగలడు, అయినా మొండికేసి చేయలేదు. హెచ్ఆర్ వాళ్లు చదువుకుని వచ్చింది ఇలాంటి నియమాలే. వాళ్ల కంటికి మీ రెండో మెయిల్ వివరణలా కనిపించలేదు, తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టిచ్చిన కాగితంలా కనిపించింది.

జవాబులో ఆ మాటను పేరు పెట్టి వెనక్కి తీసుకోండి. ఇలా రాస్తే చాలు: ‘ఐ పుట్ ద పేమెంట్ ఆన్ హోల్డ్ బికాజ్ ద బిల్ షోడ్ సీజీఎస్టీ అండ్ ఎస్‌జీఎస్టీ ఇన్‌స్టెడ్ ఆఫ్ ఐజీఎస్టీ. ఐ డిసైడెడ్ టు వెయిట్ ఫర్ ఎ కరెక్టెడ్ బిల్. ఇన్ మై ఎర్లియర్ మెయిల్ ఐ యూజ్డ్ ద వర్డ్ విల్‌ఫుల్లీ. ఐ డిడ్ నాట్ మీన్ దట్ ఐ వెంట్ అగైన్‌స్ట్ ఎనీ ఇన్‌స్ట్రక్షన్.’ దాని కింద బిల్లు కాపీ, సప్లయర్‌కి తప్పు చెప్పిన రోజు మీరు పంపిన మెయిల్ జత చేయండి. ఇందులో చూడండి, ‘ఉద్దేశపూర్వకంగా’ అనే అర్థమిచ్చే మాట నా అంతట నేను ఒక్కటీ వాడలేదు. ‘బికాజ్’ అని కారణం చెప్పాక, కావాలనే ఆపారని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ‘ఐ డిసైడెడ్’ అన్నాక ఆ నిర్ణయం మీదేనని కూడా తెలుస్తుంది. ఇంగ్లీషులో చేసిన పనికి కారణం పక్కనే ఉన్నప్పుడు ఈ ‘లీ’తో ముగిసే మాటలు దాదాపు అవసరం పడవు.

ఒక్క షరతు. ఆ బిల్లుకు డబ్బు వదిలేయమని మీకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, నోటితో చెప్పినా సరే, చివరి వాక్యం అలా రాయకూడదు. అప్పుడు జవాబు పంపకముందే కార్మిక చట్టాలు తెలిసిన లాయరుకు ఒకసారి చూపించండి.

ఇక ‘వాంటెడ్లీ’. నవ్వినవాళ్లు నవ్వారు గానీ ఆ మాట మీ నోట్లోకి ఎలా వచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నవ్వేవాళ్లు కాదు. మన దగ్గర కోరికకూ ‘కావాలి’ అనే, కావాలని చేయడానికీ ‘కావాలని’ అనే. ‘వాడు కావాల్నే చేసినాడు’ అంటాం. చిత్తూరు దాటి తమిళం వైపు పోతే అక్కడా ఇదే తీరు: కోరికకు వేణుం, కావాలని చేయడానికి వేణుమ్నే. కావాలికి ఇంగ్లీషు వాంట్ అయితే, కావాలనికి వాంటెడ్లీ అవుతుందనుకోవడం లెక్క ప్రకారం సరైన ఆలోచనే. అందుకే పలమనేరులో అన్నా చెన్నైలో అన్నా ఎదుటివాళ్లకు టక్కున అర్థమవుతుంది. మనుషులతో మాట్లాడేటప్పుడు మానుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. రికార్డులో ఉండిపోయే కాగితం మీద మాత్రం వద్దు, ఎందుకంటే ఇంగ్లీషు వాంట్‌లో ఆశ ఉంటుంది గానీ నిర్ణయం ఉండదు. అసలు ఆ మాట పుట్టుకలో కోరిక కూడా లేదు. స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ల భాషలో ‘వాంటా’ అంటే లేకపోవడం, కొరవడటం. ఆ అర్థంతోనే ఇంగ్లీషులోకి వచ్చి చాలాకాలం అలాగే ఉంది, కోరుకోవడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మన ‘నాకు కావాలి’లో కూడా ఒక వెలితి వినిపిస్తుంది కదా.

ఇక్కడే మీకు డిక్షనరీ కన్నా పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది, అది తెలుగులోనే ఉంది. మనం ఆశ చెప్పేటప్పుడు ‘నాకు’ అంటాం: నాకు కావాలి, నాకు వెళ్లాలని ఉంది, నాకు తినాలనిపిస్తోంది. తీర్మానం చెప్పేటప్పుడు ‘నేను’ అంటాం: నేను వెళ్లదలచుకున్నాను, నేను నిర్ణయించుకున్నాను, నేను దీన్నే ఎంచుకున్నాను. ఆశ మన దగ్గరికి వస్తుంది, తీర్మానం మనం చేస్తాం. ఈ తేడాను తెలుగు మొదటి మాటలోనే చూపించేస్తుంది. ఇంగ్లీషులో రెండిటికీ ముందు ‘ఐ’ అనే నిలబడుతుంది కాబట్టి మనకు తేడా కనపడదు. ఒకప్పుడు వాళ్లకూ ఈ ‘నాకు’ పద్ధతి ఉండేది; పాత ఇంగ్లీషులో ‘లైక్’ అంటే ఇష్టపడటం కాదు, ఇష్టమవడం, అంటే ఫలానాది నాకు నచ్చుతుంది అన్నట్టు చెప్పేవాళ్లు. రానురాను అది పోయింది.

కాబట్టి ఇంగ్లీషు వాక్యం రాసే ముందు మనసులో తెలుగు వాక్యం అనుకోండి. ‘నాకు’ వస్తే వాంట్, వుడ్ లైక్, ఫీల్ లైక్, విష్. ‘నేను’ వస్తే ప్లాన్, ఇంటెండ్, డిసైడ్, చూజ్, విల్. మీ బిల్లు వాక్యం చూడండి. ‘నేను కావాలని ఆపాను.’ కావాలని అనే మాట ‘నాకు’ ఇంట్లో పుట్టి ‘నేను’ ఇంటికి కాపురానికి వచ్చింది. మీరు దాని పుట్టిల్లు చూసి వాంట్ అన్నారు, అంతే జరిగింది.

‘అనుకుంటున్నా’ ఒక్కటి ఈ పద్ధతికి లొంగదు. నేను అనే ఉంటుంది గానీ అది ఆలోచన కావొచ్చు, ఆశ కావొచ్చు, ప్లాన్ కావొచ్చు. అది వచ్చినప్పుడల్లా ఆగి, ఎంతవరకు వచ్చాను అని మిమ్మల్ని మీరే అడగాలి.

అలిపిరి మెట్లు తీసుకుని చెప్తాను, తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా తెలిసిన దారి ఉండదు. 3550 మెట్లు. మీకు ఒక రోజు నడిచి ఎక్కాలని ఉంది: ‘ఐ వుడ్ లైక్ టు వాక్ అప్.’ మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మమ్మ ‘నాకూ ఎక్కే శక్తి ఉంటే ఎంత బాగుండు’ అంటుంది: ‘ఐ విష్ ఐ కుడ్ వాక్ అప్.’ ఇక్కడ ‘కెన్’ రాకూడదు, ‘కుడ్’ అన్నాకే అది జరిగే పని కాదని తెలుస్తుంది. ‘ఈ శనివారం నడుద్దామనుకుంటున్నా’ అంటే ‘ఐ యామ్ థింకింగ్ ఆఫ్ వాకింగ్ అప్’, శుక్రవారం రాత్రి వాన పడితే మానేసినా ఎవరూ అడగరు. ‘నడవదలచుకున్నా’ అంటే ‘ఐ ఇంటెండ్ టు’, ఇక మానేస్తే కారణం చెప్పాలి. సెలవు పెట్టేశారు, సంచి సర్దేశారు, పిల్లలకు చెప్పేశారు, అప్పుడు ‘వి ఆర్ గోయింగ్ టు’. దారిలో ఒక పెద్దావిడ బ్యాగు మోయలేక ఆగిపోతే ‘ఇటివ్వమ్మా, నేను పట్టుకుంటా’ అన్నారు: ‘ఐ విల్ క్యారీ ఇట్.’ ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం, దానికి ‘విల్’. ‘ఐ యామ్ గోయింగ్ టు క్యారీ ఇట్’ అంటే ఆవిడ బ్యాగు కోసమే ఇంటి దగ్గర నుంచి బయల్దేరినట్టు ఉంటుంది. ఇక ‘బస్సులున్నా నడిచే వచ్చాను’ అన్నప్పుడు ఆ ‘నడిచే’లో ఏకారం ఉంది చూశారా, అది ‘చూజ్’: ‘ఐ చోజ్ టు వాక్.’ ఇంకో దారి ఉండి, అది తెలిసి, వదిలేస్తేనే చూజ్ అనాలి. బస్సులు బంద్ అయిన రోజు నడిస్తే ‘ఐ హ్యాడ్ టు వాక్’.

మొక్కు దీనికి బయట ఉంటుంది. ‘నడిచి వస్తానని మొక్కుకున్నా’ అంటే ఇంటెండ్ సరిపోదు, ‘ఐ హావ్ మేడ్ ఎ వౌ’ అనాలి. ఇంటెన్షన్ మార్చుకోవచ్చు, వౌ అంటే అవతల ఒకరికి మాటిచ్చేశాం.

డిక్షనరీ మీకు ఒకే అర్థం చెప్పిన మాటల దగ్గరికి వద్దాం. ఇంటెన్షన్ లాటిన్‌లో ‘చాచడం, సాగదీయడం’ అనే మాట నుంచి వచ్చింది, మనం రోజూ అనే టెన్షన్ కూడా ఆ మూలం నుంచే. మనసు ఒక ఫలితం వైపు చాచి ఉండటం ఇంటెన్షన్. డెలిబరేట్ మూలంలో త్రాసు ఉంది, తులారాశిని ఇంగ్లీషులో లిబ్రా అంటారే, ఆ లిబ్రాయే. అటూ ఇటూ తూచి చేసినది డెలిబరేట్. అంటే ఇంటెన్షనల్ ‘దేనికోసం చేశావు’ అనే వైపు చూస్తుంది, డెలిబరేట్ ‘ఎలా చేశావు, ఆలోచించే చేశావా’ అనే వైపు చూస్తుంది. ఈ తేడా పండితులు కల్పించింది కాదు, చట్టమే వాడుకుంది. మత విశ్వాసాలను గాయపరచడం గురించి 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఏ సెక్షన్‌లో ‘డెలిబరేట్ అండ్ మెలీషియస్ ఇంటెన్షన్’ అని ఉంటుంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 299. ఇంటెన్షన్ ఉంటే చాలదు, అది తూచి పెట్టుకున్నదై ఉండాలి, చెడు తలపుతో ఉండాలి అని మూడు మాటలూ కలిపి పెట్టారు. రెండూ ఒకటే అయితే అలా రాసే పనే లేదు.

మీ విషయంలో వీటిలో ఏదైనా పెట్టి తీరాలంటే డెలిబరేట్లీ దగ్గరగా వస్తుంది, మీరు నిజంగానే బిల్లు చూసి, ఆలోచించి ఆపారు కాబట్టి. అయినా నేను పెట్టమనను. తప్పుల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట ఎక్కువ వాడతారు, అందుకని మంచి పని పక్కన పెట్టినా చదివేవాడికి కాస్త చేదు తగులుతుంది. ‘ఆఫ్టర్ చెకింగ్ ద బిల్, ఐ డిసైడెడ్’ అంటే ఆ తూచడం అంతా వచ్చేస్తుంది, చేదు రాదు.

పర్పస్లీ అంటే ఆన్ పర్పస్, కావాలని. పర్పస్‌ఫుల్లీ వేరే, ఒక లక్ష్యం పెట్టుకుని పట్టుదలగా అని. ఈ రెండూ చాలామంది తారుమారు చేస్తారు, అంతకుమించి వాటిలో కష్టం లేదు.

వాలంటరీ దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు ఇంగ్లీషులో ఎవరి బలవంతం లేకుండా అని. తిరుమల క్యూల దగ్గర శ్రీవారి సేవకులు నీళ్లిస్తారు, అన్నం వడ్డిస్తారు, అది వాలంటరీ సేవ. బ్యాంకుల్లో వీఆర్‌ఎస్‌లో ‘వీ’ కూడా అదే. కానీ పోలీసు కాగితంలో ‘వాలంటరీలీ కాజింగ్ హర్ట్’ అని కనపడితే స్వచ్ఛందంగా అని చదవకండి. చట్టంలో ఆ మాటకు ప్రత్యేకంగా అర్థం రాశారు: ఒక ఫలితం రావాలని చేసినా వాలంటరీలీయే, అది రావొచ్చని తెలిసి చేసినా, తెలియడానికి తగిన కారణం ఉండి చేసినా వాలంటరీలీయే. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఈ నిర్వచనం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలోకి కూడా వచ్చింది.

ఈ పెద్ద మాటలన్నిటికన్నా మీకు రోజూ పనికొచ్చేది ‘మీన్’ అనే చిన్న మాట, మన స్కూళ్లలో దాన్ని ‘అర్థం’ అని నేర్పి వదిలేస్తారు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసేవాళ్లలో ఒకడు ‘నేను కావాలని చేయలేదు స్వామీ’ అన్నాడనుకోండి, దానికి సరైన ఇంగ్లీషు ‘ఐ డిడ్ నాట్ మీన్ టు డూ ఇట్’. ‘ఐ డిడ్ నాట్ ఇంటెన్షనల్లీ డూ’ అంటే వకీలు మాట్లాడినట్టుంటుంది. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అనడానికి ‘దట్ ఈజ్ నాట్ వాట్ ఐ మెంట్’. మీరు మొన్న గ్రూపులో అనాల్సిన వాక్యం నిజానికి ఇదే. ఇప్పటికైనా అనొచ్చు.

ఇక కోరికల వైపు మాటలు. సెలవు చీటీలో ‘ఐ వాంట్ టూ డేస్ లీవ్’ అని రాసేవాళ్లు చాలామంది, మన ‘నాకు రెండు రోజులు సెలవు కావాలి’లో గౌరవం ‘అండి’లో, గొంతులో ఉంటుంది కాబట్టి అది తప్పుగా అనిపించదు. ఇంగ్లీషు వాంట్‌కు ‘అండి’ లేదు. ‘ఐ వుడ్ లైక్ టు టేక్ లీవ్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే’ అంటే ఆ ‘అండి’ వచ్చేస్తుంది. ‘విష్’, ‘హోప్’ కలిపేయకండి. జరగొచ్చు అనుకుంటే ‘ఐ హోప్ యూ విల్ కమ్’, జరగదని తెలిసి బాధపడితే ‘ఐ విష్ యూ కుడ్ కమ్’. ‘ఐ విష్ యూ విల్ కమ్’ అనేది రెండూ కాదు. డిజైర్ అనే మాటను ఆఫీసులో మీ అంతట మీరు వాడొద్దు, మామూలు ఇంగ్లీషులో అది చాలా లోపలి కోరిక, శరీరానికి దగ్గరగా ఉండే మాట. ప్రభుత్వ ఫైళ్లలో ‘యాజ్ డిజైర్డ్’ అని కనిపిస్తుంది, అక్కడ దానర్థం తమరు అడిగినట్టు అని మాత్రమే, ఆ పాత అలవాటును మోసుకు తిరగక్కర్లేదు.

‘విల్లింగ్’ అంటే ఇష్టం అని అనుకుంటాం, కాదు, ఒప్పుకోలు. మన ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫర్‌కు ‘విల్లింగ్ ఇచ్చాడు’ అంటారే, అది సరిగ్గా వాడుతున్నట్టే: అతను అడగలేదు, అడిగితే సరే అన్నాడు. కాబట్టి ఉద్యోగానికి అప్లై చేస్తూ ‘ఐ యామ్ విల్లింగ్ టు వర్క్ ఇన్ యువర్ కంపెనీ’ అని రాస్తే, మీరు బతిమాలితే వస్తాను అన్నట్టుంటుంది. నైట్ షిఫ్టుకు విల్లింగ్ అనొచ్చు, ఉద్యోగానికి కాదు. ఈ విల్ అనే మాట మూలంలో కోరికే, భవిష్యత్తు తర్వాత వచ్చింది. మన వీలునామాలో ఉన్న ‘వీలు’ కూడా ఆ ఇంగ్లీషు విల్లే, దానికి పార్శీ నామా తగిలించుకున్నాం. 1925 నాటి భారత వారసత్వ చట్టం వీలునామాను నిర్వచిస్తూ, మనిషి తన ఆస్తి గురించి తన ‘ఇంటెన్షన్’ను చట్టబద్ధంగా ప్రకటించడం, తన మరణం తర్వాత అది అమలు కావాలని ‘డిజైర్’ చేయడం అని రెండు మాటలూ వాడింది. ఎంత పొందికగా రాశారో చూడండి: ఎవరికి ఏమివ్వాలన్నది ఆయన తీర్మానం కాబట్టి ఇంటెన్షన్, అమలయ్యే నాటికి ఆయన ఉండడు కాబట్టి అక్కడ డిజైర్ ఒక్కటే మిగులుతుంది.

తమ్ముడి సంగతి. ఎస్‌ఓపీ అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పేరులోనే ఉంది, అది ‘నేను’ కాగితం. అందులో పేజీ నిండా ‘ఐ వాంట్’, ‘ఐ విష్’, ‘ఇట్ ఈజ్ మై డీప్ డిజైర్’ అని ఉంటే అతను ఆశపడుతున్నాడని తెలుస్తుంది గానీ ఏం చేస్తాడో తెలియదు. అతను పూజల్లో సంకల్పం విని ఉంటాడు. అయ్యవారు జంబూద్వీపే భరతవర్షే అని చోటు చెప్పి, సంవత్సరం, మాసం, పక్షం, తిథి అని కాలం చెప్పి, గోత్రం, పేరు అని మనిషిని చెప్పి, ఏ ఫలం కోసమో చెప్పి, ఆఖరున ‘కరిష్యే’ అంటారు. కరిష్యే అంటే చేస్తాను. చేయాలని ఉంది అనరు. ఎస్‌ఓపీ కూడా అలాగే నడవాలి: నేను ఎక్కడ ఏం చదివాను, ఇప్పుడు ఎక్కడున్నాను, ఏ పని నేర్చుకోవడానికి, మీ దగ్గరే ఎందుకు, నేర్చుకుని ఏం చేస్తాను. ‘ఐ ప్లాన్ టు’, ‘ఐ ఇంటెండ్ టు’, ‘ఐ చోజ్ దిస్ కోర్స్ బికాజ్’ అనేవి అక్కడ సహజంగా పడతాయి. ‘ఐ వాంట్’ ఒకటో రెండో ఉంటే నష్టం లేదు, కోరిక లేకుండా ఎవరూ చదువుకోరు. ‘చిన్నప్పటి నుంచి నా కల’ అనే మొదటి వాక్యం మాత్రం తీసేయమనండి, దాని స్థానంలో అతను చేసిన ప్రాజెక్టు ఒకటి పెట్టమనండి.

సీటు వచ్చాక వీసా ఇంటర్వ్యూ ఉంటుంది, మన ఆంధ్రా వాళ్లకు హైదరాబాద్ కాన్సులేట్. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 214(బీ) అనే సెక్షన్ ప్రకారం, స్టూడెంట్ వీసా అడిగే ప్రతి మనిషినీ ముందు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడిగానే లెక్కవేస్తారు, కాదని ఆఫీసరును ఒప్పించాల్సింది మనమే. అక్కడ వాళ్లు వెతికేది ‘ఇంటెంట్’, ఆశ కాదు. చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే ‘ఐ హోప్ టు కమ్ బ్యాక్’ అంటే గాలిలో దీపం పెట్టినట్టుంటుంది. ‘ఐ ప్లాన్ టు’ అని మొదలుపెట్టి, వచ్చి ఎక్కడ ఏ పని చేస్తాడో నిజంగా ఉన్న ప్లాన్ చెప్పాలి. లేని ప్లాన్ బట్టీపట్టి చెప్పొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు, అబద్ధం చెప్పినట్టు ఒకసారి రికార్డులో పడితే తర్వాత చాలా కష్టం. అతనికి ఇంకా ప్లాన్ లేకపోతే, ఇంగ్లీషు దిద్దుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఆ ప్లాన్ గురించి మాట్లాడుకోండి.

మీ నోటీసు జవాబు గడువు చివరి రోజు దాకా ఉంచొద్దు. రెండు రోజుల ముందే పంపి, చేరినట్టు తిరుగు మెయిల్ అడిగి తీసుకోండి, మీ మొదటి రెండు మెయిళ్లూ డిలీట్ చేయకుండా సొంత ఫోల్డర్లో దాచుకోండి. హెచ్ఆర్ వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడితే తెలుగులో చెప్పే వీలుందా అని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. ఏమైందో రాయండి.